పట్టాయా వెళ్తున్నారా? మెడలో గొలుసు ఎలా పోతుందో ఒకసారి వినండి

ఈ ఎపిసోడ్ చెయ్యమని ఎవరూ అడగలేదు, నేనే చెయ్యాలనుకున్నాను. ఎందుకంటే ఈ మధ్య మన వాళ్ళు "బ్రో, నాలుగు రోజులు పట్టాయా వెళ్ళొద్దాం" అని టికెట్లు బుక్ చేసి, నాకు స్క్రీన్‌షాట్ పెట్టి, "ఏం చూడాలి, ఎక్కడ తినాలి" అని అడుగుతున్నారు. ఎక్కడ తినాలో చెప్పేవాళ్ళు యూట్యూబ్‌లో లక్ష మంది ఉన్నారు. నేను వేరేది చెప్తాను. మెడలో ఉన్న బంగారం మెడలోనే ఎలా ఉంచుకోవాలో చెప్తాను.

పట్టాయాలో మన దేశం నుంచి వెళ్ళిన మగవాళ్ళ గొలుసులు పోవడం అప్పుడప్పుడూ జరిగే విషయం కాదండి. అక్కడి లోకల్ వార్తల్లో ఇది ఒక రెగ్యులర్ ఐటమ్. "ఇండియన్ టూరిస్ట్, బీచ్ రోడ్, తెల్లవారుజాము, బంగారు గొలుసు." పేర్లు మారతాయి, కథ మారదు. అందులో ఒక కథలో నేనూ ఉన్నాను. పోయింది నాది కాదు, మా బావది.

2024 జనవరి. అంతకు ముందు నవంబర్ నుంచే థాయిలాండ్ మన వాళ్ళని వీసా లేకుండా రానివ్వడం మొదలుపెట్టింది. మేము నలుగురం వెళ్ళాం. నేను, ఇద్దరు ఫ్రెండ్స్, మా బావ. బావ అంటే మా పెదనాన్న కూతురి భర్త. పేరు చెప్పను, ఎందుకో చివర్లో తెలుస్తుంది. ఆయన మెడలో 5 కాసుల తాడు గొలుసు. తెలంగాణ వాళ్ళకి లెక్క కావాలంటే 4 తులాలు, 40 గ్రాములు. పెళ్ళిలో మా పెదనాన్న పెట్టింది. స్నానానికీ తియ్యడు, నిద్రకీ తియ్యడు. ఎయిర్‌పోర్ట్‌లో నేను అడిగాను కూడా, "బావా, ఇది అవసరమా?" అని. "మెడ బోసిగా ఉంటే మనిషిలా ఉంటానా" అన్నాడు.

సరే, ముందు ఊరి గురించి రెండు ముక్కలు. పట్టాయా బ్యాంకాక్‌కి ఆగ్నేయంగా సుమారు 150 కిలోమీటర్ల దూరం, చొన్‌బురి అనే ప్రావిన్స్‌లో ఉంటుంది. 1960లకి ముందు అది చేపలు పట్టుకునే పల్లె. వియత్నాం యుద్ధం టైమ్‌లో అమెరికా సైనికులు సెలవులకి అక్కడికి రావడం మొదలైంది, దగ్గర్లోనే ఊ-తపావ్ అనే ఎయిర్‌బేస్ ఉండేది. సైనికులు వెళ్ళిపోయారు, బార్లు ఉండిపోయాయి. ఇప్పుడు అక్కడ ఫ్యామిలీలు చూసేవి కూడా చాలా ఉన్నాయి. కోరల్ ఐలాండ్, నోంగ్ నూచ్ గార్డెన్, మొత్తం చెక్కతో కట్టిన శాంక్చురీ ఆఫ్ ట్రూత్. పగలు అదొక ఊరు. రాత్రి పన్నెండు దాటాక ఇంకో ఊరు. 2023 డిసెంబర్ నుంచి అక్కడ లైసెన్స్ ఉన్న క్లబ్బులు తెల్లవారి 4 గంటల దాకా తెరిచి ఉంచొచ్చు. అంటే తాగినవాళ్ళు రోడ్డు మీద నడిచే టైమ్ కూడా పెరిగిందన్నమాట.

జాగ్రఫీ కొంచెం అర్థం చేసుకోండి, ఇది ముఖ్యం. సముద్రం పక్కనే బీచ్ రోడ్, దాదాపు 3 కిలోమీటర్లు. దానికి సమాంతరంగా లోపల సెకండ్ రోడ్. ఈ రెండిటినీ కలుపుతూ చిన్న చిన్న సందులు, వాటిని "సోయ్" అంటారు. బీచ్ రోడ్ దక్షిణం చివర వాకింగ్ స్ట్రీట్, అంటే పబ్బులు, లైట్లు, గోల అంతా అక్కడే. బీచ్ రోడ్ వన్ వే, బండ్లు ఉత్తరం నుంచి దక్షిణానికి వెళ్తాయి. మీరు సముద్రం పక్క ఫుట్‌పాత్ మీద వాకింగ్ స్ట్రీట్ వైపు నడుస్తుంటే బండ్లన్నీ మీ వెనక నుంచి వస్తాయి. ఎవరొస్తున్నారో కనపడదు. బైక్ మీద వచ్చి గొలుసు లాగి, పక్కనున్న సోయ్‌లోకి తిప్పితే సెకండ్ రోడ్. అంతే, ఇక దొరకరు. ఇది మన హైదరాబాద్, విజయవాడల్లో చైన్ స్నాచింగ్ లాంటిదే, కొత్తేం లేదు.

కానీ మా బావది అలా పోలేదు. పట్టాయాలో ఎక్కువగా వినపడేది వేరే పద్ధతి. కౌగిలి.

రాత్రి రెండున్నర అయ్యింది. వాకింగ్ స్ట్రీట్ నుంచి మా హోటల్‌కి నడిచి వస్తున్నాం. మేము ముగ్గురం ముందు, బావ ఒక పాతిక అడుగుల వెనక, ఫోన్ చూసుకుంటూ. కొబ్బరి చెట్ల కింద ఇద్దరు నిలబడి ఉన్నారు. "హలో హ్యాండ్సమ్, ఇండియా?" అన్నారు. బావ నవ్వాడు. ఒకామె వచ్చి మెడ చుట్టూ చేతులు వేసింది. ఇంకొకామె నడుం పట్టుకుంది. బావ "నో నో" అంటూ విడిపించుకుంటున్నాడు, నవ్వుతూనే. మేము వెనక్కి తిరిగి చూసి ఏం చేశామో తెలుసా? మేమూ నవ్వాం. నేనైతే ఫోన్ తీసి వీడియో తీద్దామనుకున్నాను. అర నిమిషం కూడా పట్టలేదు. వాళ్ళిద్దరూ "ఓకే ఓకే, బై బై" అని వెళ్ళిపోయారు. మేము నడుచుకుంటూ మూల మీద ఉన్న షాపులో వాటర్ బాటిల్స్ కొనుక్కున్నాం. అక్కడ బావ మెడ మీద చెయ్యి వేసుకున్నాడు. ఆ ముఖం నాకు ఇప్పటికీ గుర్తే.

మేము నలుగురం ఉన్నాం, లైట్ ఉంది, మెడలో తాడంత గొలుసు. అయినా తెలియలేదంటే ఎలా? చాలామంది "తాగి ఉన్నాడు, అందుకే" అంటారు. అది ఒక కారణం మాత్రమే. అసలు కారణం చర్మంలో ఉంది. రోజూ ఒంటి మీద ఉండే వస్తువుని మన మెదడు పట్టించుకోవడం మానేస్తుంది. మీ చేతికి వాచ్ ఉంది కదా, నేను చెప్పేదాకా అది ఉన్నట్టు మీకు తెలిసిందా? ఉన్నప్పుడే తెలియని వస్తువు, పోయినప్పుడు ఎలా తెలుస్తుంది? రెండోది, పెద్ద స్పర్శ పక్కన చిన్న స్పర్శ తెలియదు. ఒక చెయ్యి నడుం గట్టిగా పట్టుకుంటే, మెడ వెనక వేళ్ళు ఏం చేస్తున్నాయో మీ దృష్టి అటు పోదు. మ్యాజిక్ షోలో స్టేజ్ మీదకి పిలిచి చేతి వాచ్ కొట్టేసేవాళ్ళు వాడేది కూడా ఇదే. మూడోది, కౌగిలిలో చేతులు సహజంగా ఎక్కడికి వెళ్తాయి? మెడ వెనక్కి. కొక్కెం ఎక్కడుంటుంది? మెడ వెనకే. మన గొలుసులకి ఎక్కువగా ఎస్ ఆకారం హుక్కు ఉంటుంది. ఒక పక్క కొంచెం వదులు చేసి తిప్పితే వచ్చేస్తుంది. అలవాటున్న వేళ్ళకి రెండు మూడు సెకన్ల పని.

ఇంకో విషయం. కొక్కెం తీసిన మనిషి దగ్గర గొలుసు ఎక్కువసేపు ఉండదు. పక్కన ఉన్నవాళ్ళ చేతికి పోతుంది, లేదా బండి మీద వెయిట్ చేస్తున్నవాడి చేతికి. అందుకే మీరు పరిగెత్తి పట్టుకున్నా, చేతులు ఖాళీగా చూపిస్తారు.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. మన వాళ్ళు ఈ కథ చెప్పేటప్పుడు "లేడీబాయ్స్ అందరూ దొంగలే" అనేస్తారు. కామెంట్లలో చూస్తూనే ఉంటాను. కాదండి. వార్తల్లో ఈ కౌగిలి కేసుల్లో ట్రాన్స్‌జెండర్ మహిళల పేర్లు తరచుగా వస్తాయి, అది నిజం. అదే ఊరిలో హోటల్ రిసెప్షన్‌లో, సెలూన్‌లో, బట్టల షాపులో, క్యాబరే షోల్లో కష్టపడి పని చేసుకునే ట్రాన్స్ మహిళలు ఎంతో మంది. మర్నాడు పొద్దున మాకు పోలీస్ స్టేషన్ దారి చూపించి, ట్యాక్సీ మాట్లాడి పెట్టింది మా హోటల్ రిసెప్షనిస్ట్, ఆమె ట్రాన్స్ మహిళే. దొంగతనం చేసేవాళ్ళలో ఆడవాళ్ళు, మగవాళ్ళు, బయటి దేశాల నుంచి వచ్చినవాళ్ళు, అందరూ ఉంటారు. చూడాల్సింది మనిషిని కాదు, మీ మెడ వైపు వచ్చే చేతిని.

సరే, మన వాళ్ళే ఎందుకు? యూరప్ వాళ్ళు కూడా తాగుతారు, వాళ్ళు కూడా తెల్లవారి మూడింటికి నడుస్తారు. వాళ్ళ మెడలో ఏముంటుంది? ఏమీ ఉండదు. మన వాళ్ళ మెడలో, ముంజేతికి, వేళ్ళకి కలిపి ఒక చిన్న కారు ఉంటుంది. 2025 ఏప్రిల్‌లో మన దగ్గర 24 క్యారెట్ల బంగారం 10 గ్రాములు లక్ష రూపాయలు తాకింది. లెక్క మీరే వేసుకోండి. పైగా టీషర్ట్ లోపల వేసుకోరు, పైకి తీసి వేసుకుంటారు, ఫోటోలో పడాలి కదా.

థాయిలాండ్‌లో బంగారం అమ్ముడుపోవడం కూడా చాలా తేలిక. ఆ దేశం వాళ్ళకి మనలాగే బంగారం పిచ్చి. ఏ మార్కెట్‌కి వెళ్ళినా ఎర్రటి బోర్డు, ఎర్రటి గోడలు, లోపల వరసగా గొలుసులు వేలాడే షాపులు కనపడతాయి. రోజూ రేటు అక్కడి గోల్డ్ ట్రేడర్స్ అసోసియేషన్ ప్రకటిస్తుంది. వాళ్ళ తూకం పేరు "బాత్", డబ్బు పేరు కూడా అదే. ఒక బాత్ నగ అంటే 15.16 గ్రాములు, మన లెక్కలో రెండు కాసులకి కొంచెం తక్కువ. వాళ్ళ నగల బంగారం 96.5 శాతం, మన 22 క్యారెట్ 91.6. అంటే మన గొలుసు వాళ్ళ షాపులో చూడగానే బయటిదని తెలిసిపోతుంది. దొంగ సొత్తు కొనేవాడికి అదేం అడ్డం కాదనుకోండి. కరిగిస్తే ఏ దేశపు బంగారమైనా ఒకటే ముద్ద. అన్నట్టు, మీరు దిగే ఎయిర్‌పోర్ట్ పేరు గమనించారా? సువర్ణభూమి. బంగారు నేల. ఈ జోక్ బావకి చెప్పాను, నవ్వలేదు.

ఇప్పుడు పోలీసుల సంగతి. ఆ రాత్రి బావ ఒకటే మాట, "స్టేషన్‌కి వద్దు." ఎందుకు? "వాళ్ళు అడుగుతారు, నువ్వు అక్కడేం చేస్తున్నావ్ అని. పేపర్లో వస్తుంది. మీ అక్కకి తెలుస్తుంది." చూశారా, దొంగకి మన సిగ్గు ఒక ఇన్సూరెన్స్ పాలసీ లాంటిది. ఫ్యామిలీ ఉన్న మగవాడు, తాగి ఉన్నాడు, రెండు రోజుల్లో ఫ్లైట్. వీడు కంప్లయింట్ ఇవ్వడు అని వాళ్ళకి తెలుసు. ఇచ్చినా కేసు నడిచేటప్పుడు ఇక్కడ ఉండడు అని ఇంకా బాగా తెలుసు.

కానీ రోడ్డు మీద నడుస్తుంటే ఎవరో వచ్చి కౌగిలించుకుంటే మీ తప్పు ఏముంది? అక్కడి చట్టంలో దొంగతనానికి 3 ఏళ్ళ దాకా జైలు. రాత్రి పూట చేస్తే ఇంకా ఎక్కువ, 1 నుంచి 5 ఏళ్ళు. కళ్ళెదుటే లాక్కుని పారిపోతే దానికి వేరే సెక్షన్, 5 ఏళ్ళ దాకా. అంటే చట్టం చిన్నదేం కాదు. దాన్ని కదిలించాల్సింది మీ కంప్లయింట్.

టూరిస్ట్ పోలీస్ నంబర్ 1155. ఇప్పుడే ఫోన్‌లో సేవ్ చేసుకోండి, నేను వెయిట్ చేస్తాను. 24 గంటలూ పని చేస్తుంది, ఇంగ్లీష్‌లో మాట్లాడొచ్చు. మామూలు పోలీస్ ఎమర్జెన్సీ 191. టూరిస్ట్ పోలీసులు మీకు భాష దగ్గర సాయం చేస్తారు, కేసు రాసుకునేది లోకల్ స్టేషన్. మేము చేసిన తప్పు ఏంటంటే, ఆ రాత్రే ఫోన్ చెయ్యలేదు. బావని ఒప్పించేసరికి పొద్దున పది అయ్యింది. బీచ్ రోడ్ మీద కెమెరాలు ఉన్నాయి, వాటి ఫుటేజ్‌తోనే చాలా కేసుల్లో మనుషుల్ని పట్టుకుంటారు. కానీ మొదటి గంటలో పట్టుకుంటే గొలుసు కూడా దొరికే ఛాన్స్ ఉంటుంది. ఎనిమిది గంటల తర్వాత మనిషి దొరికినా గొలుసు దొరకడం కష్టం.

స్టేషన్‌లో మాకు పనికొచ్చింది ఒకే ఒకటి, ఫోన్. పోలీసాయన అడిగిన మొదటి ప్రశ్న, "ఎక్కడ, ఎన్ని గంటలకి?" మా నలుగురి జవాబులు నాలుగు రకాలు. అప్పుడు గ్యాలరీ తెరిచాం. 1:50కి తీసుకున్న సెల్ఫీలో గొలుసు ఉంది. 2:40కి షాపులో ఒక ఫ్రెండ్ తీసిన ఫోటోలో లేదు. రెండిటి మధ్య 50 నిమిషాలు. మ్యాప్స్‌లో లొకేషన్ హిస్టరీ ఆన్‌లో ఉంది కాబట్టి ఏ చోట ఆగామో కూడా తెలిసింది. ఆయన ముఖంలో అప్పుడు కొంచెం ఇంట్రెస్ట్ వచ్చింది. తర్వాత అడిగాడు, "గొలుసు బరువెంత? బిల్లు ఉందా?" లేదు. పెళ్ళి నాటి బిల్లు ఎవరి దగ్గర ఉంటుంది చెప్పండి! ఇప్పుడు మన దగ్గర కొనే హాల్‌మార్క్ నగ మీద 6 అక్షరాలు, అంకెలు కలిసిన హెచ్‌యూఐడీ కోడ్ ఉంటుంది, 2023 ఏప్రిల్ నుంచి అది లేకుండా హాల్‌మార్క్ నగ అమ్మకూడదు. బిల్లు, ఆ కోడ్, నగ దగ్గరగా తీసిన ఫోటో, ఈ మూడూ మీ డ్రైవ్‌లో ఒక ఫోల్డర్‌లో పెట్టుకోండి. రెండు నిమిషాల పని. రిపోర్ట్ థాయ్ భాషలో టైప్ చేసి ఒక కాపీ ఇచ్చారు. ఆ కాపీ ఎవరూ వదలకండి, ఇన్సూరెన్స్‌కి మొదట అడిగేది అదే. కాకపోతే చాలా ట్రావెల్ పాలసీల్లో నగలకి కవరేజ్ ఉండదు, ఉన్నా చిన్న లిమిట్. మాది చదివితే ఉండదనే ఉంది. కొనేటప్పుడు ఎవరు చదువుతారు.

ఇంకో హెచ్చరిక. దొంగ కనపడ్డాడని వెంటపడి కొట్టొద్దు. అవతల ఎంత మంది ఉన్నారో మీకు తెలియదు. మీరు కొట్టి గాయమైతే, అది మీ మీద వేరే కేసు. పాస్‌పోర్ట్ మీ జేబులో ఉన్నంతవరకే మీరు టూరిస్ట్.

"మరి ఏం చెయ్యమంటావ్, బంగారం వేసుకోవద్దా?" అంటే, అవును, అదే అంటున్నాను. ఇంట్లో పెట్టి వెళ్ళండి. కుదరదు, మంగళసూత్రం తియ్యను అనే ఆడవాళ్ళు ఉంటారు, అర్థం చేసుకోగలను. మామూలు పసుపు తాడు మీద సూత్రాలు వేసుకుని వెళ్ళేవాళ్ళని చూశాను, మంచి ఆలోచన. తప్పనిసరిగా నగ తీసుకెళ్ళాల్సి వస్తే, మన ఎయిర్‌పోర్ట్‌లో బయల్దేరే ముందు కస్టమ్స్ దగ్గర ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ తీసుకోవచ్చు. తిరిగి వచ్చేటప్పుడు "ఇది అక్కడ కొన్నావా" అనే తలనొప్పి ఉండదు, పోతే అది మీ దగ్గర ఉండేదనే రుజువు కూడా. రాత్రి బయటికి వెళ్ళే ముందు హోటల్ రూమ్ లాకర్‌లో పెట్టండి. రూమ్‌కి కొత్తవాళ్ళని తీసుకొస్తే మాత్రం ఆ లాకర్ కోడ్ వాళ్ళ ముందు నొక్కొద్దు. ఇది ఎవరి కోసం చెప్తున్నానో వాళ్ళకి అర్థమయ్యే ఉంటుంది. కోరల్ ఐలాండ్‌కి వెళ్ళి నగలన్నీ బ్యాగ్‌లో పెట్టి, బ్యాగ్ ఇసుకలో పెట్టి, అందరూ ఒకేసారి నీళ్ళలోకి దిగొద్దు. రాత్రి నడవకండి, యాప్‌లో క్యాబ్ బుక్ చేసుకోండి. ఎవరైనా చేతులు చాపుకుని వస్తే నవ్వొద్దు, ఆగొద్దు, రెండు అడుగులు వెనక్కి వేసి గట్టిగా "నో" అనండి. మీ ఫ్రెండ్ మీదకి ఎవరైనా అలా వస్తే ఫోన్ తియ్యకండి, వెళ్ళి మధ్యలో నిలబడండి. నేను చెయ్యలేదు. అందుకే చెప్తున్నాను.

గొలుసు దొరకలేదు. ఆ సాయంత్రం ఫ్లైట్ ఎక్కేశాం.

తర్వాత జరిగింది నాకు కూడా ఏడాదిన్నర దాకా తెలియదు. బావ ఊరికి వెళ్ళే ముందు దార్లో దిగి, అచ్చం అలాంటిదే వన్ గ్రామ్ గోల్డ్ గొలుసు కొన్నాడు. వేసుకుని ఇంటికి వెళ్ళాడు. రంగు తగ్గినప్పుడల్లా పాలిష్ పెట్టించుకున్నాడు. అక్కకి అనుమానం రాలేదు, ఎవరికి వస్తుంది? 2025 జూన్‌లో పిల్లల స్కూల్ ఫీజులకి డబ్బు చాలలేదు. బావ ఊళ్ళో లేనప్పుడు, ఆయన బీరువాలో తీసిపెట్టిన గొలుసు పట్టుకుని అక్క గోల్డ్ లోన్‌కి బ్యాంక్‌కి వెళ్ళింది. రేటు లక్షకి దగ్గర్లో ఉంది, బాగానే వస్తుందనుకుంది. అప్రైజర్ రాయి మీద గీశాడు, ఒకసారి ఆమె ముఖంలోకి చూశాడు, గొలుసు ట్రేలో పెట్టి వెనక్కి జరిపాడు. వెనక క్యూలో మా ఊరివాళ్ళు ముగ్గురు ఉన్నారట.

బావ అంతా చెప్పేశాడు. రిపోర్ట్ కాపీ కూడా చూపించాడు, అందులో ఒక్క ముక్క అర్థం కాకపోయినా. అక్క గొలుసు గురించి ఒక్క మాట అనలేదు. "బీచ్‌లో ఎవరో కౌగిలించుకుని తీసుకుంటే అది వాళ్ళ దొంగతనం. బ్యాంక్‌లో నన్ను దొంగలా నిలబెట్టింది మీరు కదండీ" అంది.

ఈ ఎపిసోడ్ అక్క పర్మిషన్ తీసుకునే చేశాను. పేర్లు చెప్పొద్దంది, చెప్పలేదు. బావ మెడ ఇప్పుడు బోసిగానే ఉంది. మీలో ఎవరికైనా ఇలా జరిగి ఉంటే, ఊరు పేరు, టైమ్ రాసి కామెంట్‌లో పెట్టండి, మీ పేరు అక్కర్లేదు. ఉంటాను మరి.